కుటుంబం చేసిన గాయాన్ని దేవుని ముందు పెట్టడం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా సాగాలి

ఆదివారం ఆరాధన ముగిశాక చెప్పులు వేసుకునే చోట, కుటుంబ కూడికల తరువాత టీ అందించే సమయంలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకే మాటల్లో ఉంటుంది: "అన్నయ్యను క్షమించానని ప్రార్థనలో చెప్పేశానండీ, అయినా ఆయన పేరు వింటేనే ఒళ్లు మండుతోంది, నా విశ్వాసంలో లోపముందా?" అన్నయ్య స్థానంలో కొందరికి తాగుడుకు బానిసైన తండ్రి ఉంటాడు, కొందరికి కట్నం మాటలతో పొడిచిన అత్తగారు ఉంటారు, సికింద్రాబాదులో ఇంటి వాటా దగ్గర మాటలు మానేసిన అక్కాచెల్లెళ్లు ఎంతమందో లెక్కలేదు. వీరిలో చాలామంది ముందు మెట్లు దాటేసి మొదలుపెట్టినవారే. ఏం జరిగిందో ఒక్కసారైనా పూర్తిగా చెప్పకుండానే క్షమించానని ప్రకటించారు, అందుచేత దేన్ని క్షమించారో వారికే తెలియదు. ఈ వ్యాసంలో ఉన్నదంతా ఆ వరుసను సరిచేసుకోవడం గురించే.

మొదలుపెట్టే ముందు

ఇది జరిగిపోయిన గాయాలకు చెప్పే పద్ధతి. ఇంట్లో ఇప్పటికీ కొట్టడం, బెదిరించడం సాగుతుంటే ముందు ప్రాణాన్ని కాపాడుకోండి. అత్యవసరానికి 112, స్త్రీలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567 నంబర్లు ఉన్నాయి. స్త్రీలకు 2005 నాటి గృహహింస చట్టం కింద కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకునే హక్కు ఉంది, హైదరాబాదు పోలీసుల భరోసా కేంద్రంలో కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒకే చోట దొరుకుతాయి. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసిన ప్రతివారూ ఫిర్యాదు చేసి తీరాలి. కుటుంబ పరువు పేరుతో సంఘ పెద్దలు కూర్చుని దాన్ని సర్దుబాటు చేయడం ప్రేమా కాదు, చట్టబద్ధమూ కాదు.

రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలని అనిపించకపోయినా టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెబితే నవ్వేవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. నవ్వనివ్వండి. డాక్టరు ఇచ్చిన మందు వేసుకున్నంత మాత్రాన మీ ప్రార్థనకు వచ్చే నష్టమేమీ లేదు.

కావలసినవి

ఒక లాంగ్ నోట్‌బుక్, బైబిలు, వారానికి రెండు మూడు సార్లు అరగంట ఏకాంతం. రెండు గదుల ఫ్లాటులో అత్తమామలు, పిల్లలతో ఉండేవారికి ఆ అరగంటే కష్టం. మేడమీదికి వెళ్లండి, లేదా వారం మధ్యలో చర్చి తలుపులు తీసి ఉండే వేళ కనుక్కుని వెనుక బెంచీలో కూర్చోండి. నోట్‌బుక్కును బీరువాలో తాళం వేసి ఉంచాలి. ఫోనులో రాయవద్దు, ఇంట్లో ఫోను ఎవరి చేతుల్లో తిరుగుతుందో మీకు తెలుసు. రాయడం అలవాటు లేనివారు నమ్మకమైన మనిషికి నోటితో చెప్పుకోవచ్చు.

ఆ నమ్మకమైన మనిషి మిగతావారికి కూడా అవసరమే. పాస్టరుగారే కానక్కరలేదు. మీ బంధువు కాకూడదు, మీరు చెప్పింది ఉపవాస ప్రార్థనలో 'ప్రార్థనాంశం'గా బయటపెట్టని మనిషి అయి ఉండాలి. ఒక చిన్న పరీక్ష ఉంది: ఆయన లేదా ఆమె ఇతరుల ఇంటి విషయాలు మీ దగ్గర చెబుతుంటే, మీ విషయాలు ఇంకొకరి దగ్గర చెబుతారు.

ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారు. చాలామందికి ఈస్టరుకు ముందు వచ్చే లెంటు నలభై రోజులు మంచి ఆరంభం, ఎలాగూ ఆ దినాల్లో మనసు పరీక్షించుకోవడం అలవాటే. ముగింపు తేదీ మాత్రం పెట్టుకోవద్దు.

1. జరిగినదాన్ని రాయండి

ఒక సంఘటనకు ఒక పేజీ. ప్రతి పేజీలో నాలుగు సంగతులు ఉండాలి: ఏం జరిగింది, నేనేం పోగొట్టుకున్నాను, అప్పుడు నాలో నేను ఏమని తీర్మానించుకున్నాను, ఆ తీర్మానం ఇవాళ నా ఇంట్లో ఎలా పనిచేస్తోంది.

ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు, ఎందుకంటే సంఘటన బదులు తీర్పు రాస్తారు. "నాన్న నన్నెప్పుడూ మనిషిలా చూడలేదు" అన్నది తీర్పు. "ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రం మేనమామల ముందు నాన్న నా మార్కులు చదివి, దీన్ని ఇంకా చదివించడం దండగ అన్నాడు, అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు, ఆ ఏడాదే తమ్ముడికి కార్పొరేట్ కాలేజీలో డబ్బు కట్టారు" అన్నది సంఘటన. అమ్మ బయటికి రాలేదన్న ముక్క తీర్పులో ఎక్కడా లేదని గమనించండి. రాస్తేనే అది పైకి వస్తుంది, కొందరికి తండ్రి అన్న మాట కంటే ఆ మౌనమే లోతుగా దిగి ఉంటుంది.

అదే పేజీలో మూడో సంగతి ఇలా ఉండవచ్చు: "ఇక ఎవరి ముందూ చెయ్యి చాచకూడదు అనుకున్నాను." నాలుగోది: "ఇవాళ ఇంటి ఖర్చుకు డబ్బు కావాలని భర్తను అడగను, ఆయన గ్రహించలేదని నెలాఖరున అలుగుతాను, పాపకు లెక్కల్లో మార్కులు తగ్గితే నా గొంతు అచ్చం నాన్న గొంతులా మారిపోతుంది." మొదటి మూడు జరిగిపోయినవి, వాటిని మార్చలేరు. నాలుగోది మాత్రం మీ చేతిలో ఉంది, ఏడో మెట్టులో దానితో పని పడుతుంది కాబట్టి ఆ వాక్యాల కింద గీత గీసి ఉంచుకోండి.

ఈ మెట్టులో వచనాలు రాయవద్దు, "పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు" అని సమర్థించవద్దు, అమ్మ పడ్డ కష్టాలు మీ కష్టాలుగా రాసుకోవద్దు. ఒకే రాత్రి అంతా రాసేసి మరునాడు జ్వరం తెచ్చుకున్నవారిని చూశాను. రోజుకు ఒక పేజీ చాలు. పేజీ సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే, మీ కుటుంబం ఎవరో తెలియని మనిషి దాన్ని చదివి ఆ రోజు ఏం జరిగిందో వరుసగా తిరిగి చెప్పగలడా అని ఆలోచించండి.

2. దాన్ని దేవునితో ఫిర్యాదుగా చెప్పండి

కీర్తన 13 ఆరు వచనాలే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలై, వేడుకోలు మీదుగా, చివరి రెండు వచనాల్లో నమ్మకానికి చేరుతుంది. మనం సాధారణంగా అయిదో వచనంలోకి దూకుతాం. అలా దూకకుండా, మొదటి రెండు వచనాల స్థానంలో మీ పేజీని పెట్టి గట్టిగా చదవండి. స్తుతి రాకపోతే బలవంతంగా తెచ్చుకోనక్కరలేదు. కీర్తన 88 చీకటే తనకు బంధువర్గమైందన్న మాటతోనే ముగుస్తుంది, దాన్నీ దేవుని ప్రజలు ప్రార్థనగానే ఉంచుకున్నారు. ఇంటివారే వదిలేశారన్న బాధ ఉన్నవారు కీర్తన 27:10 దగ్గర ఆగవచ్చు.

ఈ దశలో సాక్ష్యం చెప్పడానికి మైకు ముందుకు వెళ్లకండి. పచ్చి గాయం గురించి సంఘమంతటి ముందు చెప్పిన మాటలు సాయంత్రానికల్లా అవతలివారి చెవిన పడతాయి, ఆ తరువాత జరగాల్సిన సంభాషణ జరగదు.

3. మూడు తరాలు చూడండి

ఒక పేజీలో తాత నాయనమ్మలు, అమ్మమ్మ తాతయ్యలు, తల్లిదండ్రులు, మీరు, తోబుట్టువులు అని గీసుకుని, ఒక్కొక్కరి పక్కన కోపం ఎలా చూపేవారు, డబ్బు ఎలా వాడేవారు, ఏ విషయం మాట్లాడేవారు కాదు అని రాయండి. తెలియనివి మేనత్తనో పెద్దమ్మనో అడగండి. పాత ఫోటోలు ముందు పెట్టుకుని కూర్చుంటే వాళ్లే చెబుతారు.

ఆదికాండము ఇటువంటి పట్టికే. అబ్రాహాము భయపడి భార్యను చెల్లెలన్నాడు, ఇస్సాకూ గెరారులో అదే మాట చెప్పాడు. ఇస్సాకుకు ఏశావు ఇష్టుడు, రిబ్కాకు యాకోబు. ఆ పక్షపాతంలో పెరిగిన యాకోబు తన కొడుకులందరికంటె యోసేపును ఎక్కువగా ప్రేమించి ఒక్కడికే నిలువుటంగీ కుట్టించాడు. మేకపిల్లల చర్మాలు కప్పుకుని తండ్రిని మోసగించిన యాకోబుకు, మేకపిల్ల రక్తంలో ముంచిన అంగీని కొడుకులు తెచ్చి చూపించారు. వాక్యం ఈ కుటుంబాన్ని కడిగి చూపించలేదు, మీరు మీ కుటుంబాన్ని కడిగి చూపించాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వంశ శాపాలు తెంచుతామని ప్రత్యేక కూడికలు పెట్టి, పేర్ల జాబితాతో పాటు కానుక కవరు కూడా అడిగేవారు మన నగరంలో తక్కువేమీ కాదు. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీదికి వస్తుందన్న నిర్గమకాండము 20:5 వారు చూపిస్తారు, యెహెజ్కేలు 18వ అధ్యాయం చూపించరు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెతను ఇక పలకవద్దని దేవుడే అక్కడ చెబుతున్నాడు. పితృపారంపర్యంగా వచ్చిన వ్యర్థ ప్రవర్తన నుంచి క్రీస్తు రక్తం విమోచించిందని 1 పేతురు 1:18, 19 చెబుతోంది. ప్రవర్తన అన్నారు గనుక దాన్ని గుర్తుపట్టి మానుకోవాలి, కవరుతో అది పోదు.

4. తప్పుల్లో మీ వాటా వేరు చేయండి

మొదట చిన్నతనంలో మీ మీద జరిగిన ప్రతి పేజీ అడుగున "ఇది నా తప్పు కాదు" అని రాయండి. ఆ తరువాతే పెద్దయ్యాక మీరు చేసినవి. తల్లికి ఫోన్ చేయకుండా గడిపిన నెలలు, తోడికోడలి గురించి పిల్లల ముందు అన్న మాటలు, నాన్న ఆసుపత్రిలో ఉండగా చూడటానికి వెళ్లకపోవడం వంటివి. తీర్చగలిగినవి తీర్చండి, జక్కయ్య నాలుగంతలు చెల్లిస్తానన్నాడు, మనం కనీసం చెల్లి పెళ్లికి అప్పుగా తీసుకున్న బంగారం తిరిగి ఇవ్వగలం.

5. క్షమించండి, సమాధానపడటాన్ని దానితో కలపకండి

మత్తయి 18లోని ఉపమానంలో తోటి దాసుడి బాకీ నూరు దేనారములు. మత్తయి 20 ప్రకారం దేనారము ఒక రోజు కూలి. అంటే లేబర్ అడ్డా మీద నిలబడే మనిషికి వంద రోజుల సంపాదన, మూడు నెలలకు పైగా అన్నం. ప్రభువు దాన్ని చిన్న బాకీ అనలేదు, మొదటి దాసుడికి రాజు క్షమించిన పదివేల తలాంతుల బాకీ పక్కన పెట్టినప్పుడే అది చిన్నదిగా కనిపిస్తుంది. కాబట్టి "అదేమంత పెద్ద విషయం కాదులే" అనడం క్షమాపణ కాదు. బాకీ ఎంతో రాసి (అది మొదటి మెట్టులోనే రాశారు), దాన్ని వసూలు చేసే హక్కు దేవునికి అప్పగిస్తున్నానని ఆయనతో చెప్పడమే క్షమాపణ. దీనికి అవతలివారు ఒప్పుకోవాల్సిన అవసరం లేదు.

సమాధానపడటానికి ఇద్దరూ కావాలి. తిరిగి నమ్మడానికి అవతలివారి మార్పు కనబడాలి. యోసేపు అన్నలను గుర్తుపట్టిన వెంటనే కౌగిలించుకోలేదు; ధాన్యం ఇచ్చాడు, చాటుగా ఏడ్చాడు, అయినా ఆదికాండము 42 నుంచి 44 వరకు వారిని పరీక్షించాడు. ఒకప్పుడు తనను అమ్మేద్దామన్న అన్న యూదా, తమ్ముడు బెన్యామీనుకు బదులు నన్ను దాసునిగా ఉంచుకోమని వేడుకున్నప్పుడే యోసేపు తన్ను తాను తెలియజేసుకున్నాడు. మన ఇళ్లలో మాత్రం పెద్దలు కూర్చోబెట్టి చేతులు కలిపించి ఫోటో తీస్తారు. చెల్లెలు తామారును బలాత్కరించిన అన్నను చంపించిన కొడుకు అబ్షాలోమును దావీదు రెండేళ్లు ముఖం చూడనివ్వకుండా ఉంచి చివరికి ముద్దు పెట్టుకున్నాడు, అప్పుడు తామారు మాట ఎత్తినట్టు లేఖనంలో ఎక్కడా లేదు, తరువాతి అధ్యాయంలోనే తిరుగుబాటు మొదలైంది.

బాధపెట్టినవారు చనిపోయి ఉంటే, వారితో చెప్పాలనుకున్నది ఉత్తరంగా దేవునికే రాయండి. నవంబరు 2న సమాధుల తోటకు వెళ్లి కొవ్వొత్తి వెలిగించే కుటుంబాలవారు అక్కడే చదువుకోవచ్చు, చనిపోయినవారితో మాట్లాడే ప్రయత్నం మాత్రం చేయవద్దు.

6. మాట్లాడండి, తగిన సమయం చూసి

అందరూ ఈ మెట్టు ఎక్కనక్కరలేదు. అవతలివారు ప్రమాదకరమైనవారైతే, నమ్మకమైన మనిషి వద్దంటే, ఆగిపోండి. మాట్లాడాలనుకుంటే మత్తయి 18:15 చెప్పినట్టు ముందు ఇద్దరే. క్రిస్మస్ భోజనం, పెళ్లి, ఆదరణ కూడిక వంటి సందర్భాలు పనికిరావు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు అసలే పనికిరాదు. ఇంట్లోనైతే కోడలు, పిల్లలు వింటారు. ఉదయం జనం తక్కువగా ఉండే పార్కు బెంచీ మేలు. ముఖాముఖి కూర్చోవడం కంటే పక్కపక్కన కూర్చుంటే మగవాళ్లు త్వరగా నోరు విప్పుతారని నా అనుభవం.

చెప్పాల్సింది ముందే రాసి, నమ్మకమైన మనిషికి చదివి వినిపించండి. ఇలా ఉండవచ్చు: "అన్నయ్యా, నీతో గొడవ పడటానికి రాలేదు. నాన్న పోయాక ఇంటి కాగితాల మీద సంతకం పెట్టించుకున్న రోజు, చదవనివ్వమంటే నీకేం అర్థమవుతుందన్నావు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది. తరువాత నీ కొడుకు పుట్టినరోజుకు రాకుండా నేనూ తప్పు చేశాను, దానికి నన్ను క్షమించు. ఆ రోజు సంగతి నువ్వు ఒక్కసారి నాతో మాట్లాడాలని అడుగుతున్నాను." ఒకే సంఘటన, ఒకే కోరిక, మీ తప్పు ఒకటి. 'ఎప్పుడూ', 'మీరంతా' అన్న మాటలు వస్తే కొట్టేయండి.

"అదంతా ఇప్పుడెందుకు తవ్వుతావు?" అన్న జవాబు దాదాపు ఖాయం. దానికి "మనం మళ్లీ మామూలుగా ఉండాలని, అందుకే" అని చెప్పి ఆగండి. అరిస్తే లేచి రండి. ఏడిస్తే వెంటనే "పర్వాలేదులే" అనవద్దు, ఏడవనివ్వండి. ఒప్పుకోకపోతే రోమా 12:18 మీకు వర్తిస్తుంది: "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి." మత్తయి 18:16 ప్రకారం రెండోసారి వెంట తీసుకువెళ్లే సాక్షి పంచాయితీ అంటే సరదా ఉన్న పెద్దమనిషి కాకూడదు.

ఆస్తి విషయాన్ని ఈ సంభాషణలో కలపవద్దు. వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుడి ఆస్తిలో 1925 నాటి భారత వారసత్వ చట్టం కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా ఇస్తుంది. మీ కాగితాలకు ఏ చట్టం వర్తిస్తుందో వకీలు చూసి చెబుతారు. విశ్వాసులు ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కవద్దన్న 1 కొరింథీ 6 చూపించి ఆడపిల్లల నోరు మూయించేవారిని నేను గౌరవించలేను. క్షమించినదానికి గుర్తుగా వాటా వదులుకోవాలన్న నియమం వాక్యంలో లేదు.

7. ఒక అలవాటు మార్చండి

మొదటి మెట్టులో గీత గీసిన వాక్యాల్లో ఒక్కటి తీసుకోండి. ఎఫెసీ 4:28 దొంగను దొంగతనం మానమనడంతో ఆగదు, చేతులతో పనిచేసి అవసరంలో ఉన్నవారికి పెట్టమంటుంది. అదే వరుసలో రాసుకోండి: "మార్కుల కాగితం చూసినప్పుడు అరవడం మానుతాను, మొదట పాపను భోంచేయమంటాను, తరువాత పక్కన కూర్చుని ఏ లెక్క రాలేదో అడుగుతాను, ఎందుకంటే నా తండ్రి స్వరం నా ఇంట్లో ఆగాలి." అరిచిన రోజున పాపను క్షమాపణ అడగండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లలను క్షమాపణ అడగడం ఆనవాయితీ కాదు, అందుకే అది పనిచేస్తుంది.

ఫలితం ఎలా తెలుస్తుంది

మనసు తేలికైందా అన్నదాన్ని కొలతగా తీసుకోవద్దు, అది రోజుకో తీరుగా ఉంటుంది. ఆ సంఘటనను కొత్త రంగులు అద్దకుండా, అదే నిడివిలో చెప్పగలుగుతున్నారా? ఆ మనిషి ఫోన్ మోగితే తీయాలో వద్దో నిదానంగా నిర్ణయించుకోగలుగుతున్నారా? అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష ఇంట్లో ఉంది: మూడు నెలల తరువాత భార్యనో భర్తనో, పదేళ్లు దాటిన పిల్లలనో, "నాలో ఏమైనా మారిందా?" అని అడిగి, వారు చెప్పేదానికి అడ్డం రాకుండా వినండి. తండ్రి వర్ధంతి, క్రిస్మస్, పెళ్లి పిలుపులు వచ్చినప్పుడు పాత మంట లేస్తే అంతా వృథా అయిందనుకోకండి. ఆ పేజీ తీసి రెండో మెట్టు మళ్లీ చేయండి.

తరచుగా వచ్చే రెండు సందేహాలు

క్షమించానని తెలిసి తమ్ముడు మళ్లీ అప్పు అడుగుతున్నాడు, ఇవ్వాలా? ఇవ్వనక్కరలేదు. అతను తిరిగి చెల్లించడం అలవాటు చేసుకున్నాడని కనబడేదాకా, ఆకలికి బియ్యం కొనిపెట్టండి, పిల్లల ఫీజు నేరుగా స్కూల్లో కట్టండి, చేతికి నగదు ఇవ్వకండి.

అన్న నాతో మాట్లాడటం లేదు, మత్తయి 5:23, 24 ప్రకారం ప్రభువు బల్లకు (సంస్కారానికి) దూరంగా ఉండాలా? ఈ భయంతో ఏళ్ల తరబడి బల్ల దగ్గరికి రానివారు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఆ వచనం వెళ్లి సమాధానపడమంటోంది. మీరు వెళ్లి, మీ వంతు ఒప్పుకుని, తలుపు తెరిచి ఉంచి వచ్చిన తరువాత, అవతలివారి పట్టుదలకు మీరు బాధ్యులు కారు. 1 కొరింథీ 11:28 తన్ను తాను పరీక్షించుకుని తినమంటోంది, పరీక్షించుకుని మానేయమనడం లేదు. మీ సంఘ నియమం వేరుగా ఉంటే, సంస్కారపు ఆదివారం ఉదయం హడావిడిలో కాకుండా ఆ ముందు వారంలోనే పాస్టరుగారిని కలిసి, మీరు ఏయే ప్రయత్నాలు చేశారో చెప్పి అడగండి.